2.20 ఎకరాలు, 2.50 ఎకరాలు

మా బడి ఖమ్మం జిల్లాలో, మధిర వైపు. కొంచెం దూరం వెళ్తే ఆంధ్ర. ఐదో తరగతి పిల్లల్లో చాలామందికి అమ్మమ్మ ఊరో మేనత్త ఊరో అవతల ఉంటుంది. దశాంశాలు చెప్పేటప్పుడు ఇది నాకు భలే పనికొస్తుంది. ఎలాగో తర్వాత చెప్తాను.

దశాంశాలను రూపాయలు, పైసలతో మొదలుపెట్టడం నాకిష్టం లేదు. 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెలామణీలోంచి పోయాయి. నా ముందు కూర్చున్న పిల్లలు అప్పటికి పుట్టనే లేదు. పైగా 12.50ని "పన్నెండు రూపాయల యాభై పైసలు" అని చదివితే చుక్కకి అటొక సంఖ్య, ఇటొక సంఖ్య ఉన్నట్టే అనిపిస్తుంది. అలా అలవాటైన పిల్లని 0.35, 0.5లో ఏది పెద్దదని అడిగితే ఠక్కున 0.35 అంటుంది. ఐదు కన్నా ముప్పై ఐదు పెద్దదే కదా మరి!

అందుకే నేను కాగితం పట్టీలతో మొదలుపెడతాను. సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిస్తే నాలుగు పావులు. ఇంకోసారి మడిస్తే ఎనిమిది. 1/4 కన్నా 1/8 చిన్నదని ఎవరూ చెప్పక్కర్లేదు, కంటికే కనిపిస్తుంది. చిక్కంతా పది దగ్గరే. సగాలు మడుచుకుంటూ పోతే పది ఎప్పటికీ రాదు. దానికి సింగిల్ రూల్ నోట్‌బుక్ ఒక్కటుంటే చాలు. పట్టీని ఏటవాలుగా పెట్టి, ఒక కొస ఒక గీత మీద, రెండో కొస అక్కణ్ణించి కిందకి పదో గీత మీద ఉండేలా సర్దాలి. మధ్య గీతలు పట్టీ అంచుని తాకిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెడితే పది సమాన భాగాలు వచ్చేస్తాయి. పట్టీ పేజీలో పట్టాలి, పది గీతల ఎత్తు కన్నా కాస్త పొడవుండాలి, అంతే. స్కేలు లేని పిల్లలూ చేసుకోగలరు.

ఇప్పుడు మడతల పట్టీనీ, అంతే పొడవున్న పది గుర్తుల పట్టీనీ పక్కపక్కన పెట్టిస్తాను. సగం మడత ఐదో గుర్తుకి సరిగ్గా ఎదురొస్తుంది. 1/2, 0.5 ఒకటేనని వాళ్లే అంటారు. పావు మడత మాత్రం రెండో గుర్తుకీ మూడో గుర్తుకీ నట్టనడుమ పడుతుంది. మొన్న ఒక బాబు దాన్ని కాసేపు చూసి, నోట్‌బుక్‌లో 0.2½ అని రాసి, "ఇలా రాయొచ్చా టీచర్?" అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో! వందో వంతు సంగతి నేను ఎత్తకముందే వాడికి దాంతో పనిపడింది. "ఒక్కో భాగాన్నీ మళ్లీ పది ముక్కలు చేద్దామా నాన్నా?" అన్నాను. సగం భాగమంటే అందులో ఐదు ముక్కలు. 0.25 అని వాడే రాసుకున్నాడు.

ఊళ్లో అసలైన దశాంశం చూడాలంటే పాల కేంద్రం చీటీ చూడాలి. ఫ్యాట్ 6.9 తర్వాత 7.0 వస్తుంది కానీ 6.10 రాదు. క్రికెట్ ఓవర్లు అలా కాదు. 4.5 ఓవర్ల తర్వాత ఇంకో బంతి పడితే 5 అయిపోతుంది. 4.3 ఓవర్లంటే నాలుగున్నర ఓవర్లు. మా తరగతిలో ఈ తేడాని ముందు పట్టుకుంది ఒక అమ్మాయి.

ఇక పొలం దగ్గరికి వస్తే, తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు. ఇక్కడ 2.20 అని రాస్తే రెండెకరాల ఇరవై గుంటలు. అవతల 2.50 అంటే రెండెకరాల యాభై సెంట్లు. ఈ రెండూ బోర్డు మీద రాసి ఏ పొలం పెద్దదని అడిగితే తరగతంతా 2.50 అని అరిచింది. "నలభైలో సగం ఎంత? వందలో సగం ఎంత?" అన్నాను. గోల సద్దుమణిగింది. రెండూ రెండున్నర ఎకరాలే. పది గుంటలు, పాతిక సెంట్లు, పావు ఎకరం కూడా ఒకటేనని ఆ తర్వాత వాళ్లే లెక్క తేల్చారు.

ఇంటి నుంచి పాస్‌బుక్కులు తెమ్మని మాత్రం ఎప్పుడూ అడగను. భూమి లేని ఇళ్ల పిల్లలు చాలామందే ఉంటారు, వాళ్లు ఆ పూట తలెత్తరు. అంకెలు నేనే ఇస్తాను.

కూడికలో 1.20కి 1.20 కలపమన్నాను. కొందరు 3.00 అన్నారు, కొందరు 2.40 అన్నారు. ఒకదాని మీద "గుంటలు", ఇంకోదాని మీద "సెంట్లు" అని రాయించి రెంటికీ రైట్ కొట్టాను. వచ్చే వారం తీసివేత. 3.00లోంచి 1.30 తీస్తే ఇక్కడ 1.10, అవతల 1.70. ఒక ఎకరం అప్పు తెచ్చుకుంటే నలభై వస్తాయా, వంద వస్తాయా అన్నది ఈసారి వాళ్లనే తేల్చమంటాను.