ఆకు రాలిన అడవిలో బెరడు

ములుగు దాటి తాడ్వాయి వైపు సాగే రోడ్డుకు ఇరువైపులా ఉన్న అడవి ఫాల్గుణం నాటికి చాలావరకు ఆకు రాల్చేస్తుంది. ఆకును, పూతను బట్టి చెట్టును పోల్చుకునేవారికి ఆ రోజుల్లో ఏమీ పాలుపోదు కాని, చెట్లతో పరిచయం పెంచుకోవడానికి అంతకన్నా అనువైన కాలం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే అప్పుడు కంటికి నిండుగా కనిపించేది బెరడే.

మద్ది చెట్లనే చూడండి. నల్లమద్ది, తెల్లమద్ది రెండూ టెర్మినేలియా ప్రజాతికి చెందినవి. రెండింటి ఆకులనూ దసలి పట్టుపురుగులు మేస్తాయి. మహదేవ్‌పూర్, చెన్నూరు ప్రాంతాల దసలి పట్టుకు ఇవే ఆధారం. ఇంత దగ్గరి చుట్టాలైనా బెరడులో మాత్రం పొంతన లేదు. నల్లమద్ది బోదె ముదురు బూడిద రంగులో, నిలువునా అడ్డంగా లోతుగా పగిలి, మొసలి వీపులా పలకలు తేలి ఉంటుంది. వాగుల ఒడ్డున పెరిగే తెల్లమద్ది బోదె నునుపుగా, లేత బూడిద రంగులో ఉండి, పెద్ద పెద్ద పలుచటి రేకులుగా ఊడిపోతూ ఉంటుంది. రేకు ఊడిన చోట కొత్త బెరడు వేరే ఛాయలో బయటపడడంతో ఒకే చెట్టు మీద రెండు మూడు రంగులు కనిపిస్తాయి.

ఈ తేడాకు మూలం చెట్టు లావెక్కే తీరులోనే ఉంది. కాండం లోపలి నుంచి పెరుగుతుంది, పైనున్న బెరడు మాత్రం మృతకణాల పొర కాబట్టి సాగలేదు. దాని అడుగున ఉండే సన్నని సజీవ పొర సుబెరిన్ అనే మైనపు పదార్థం పట్టిన బెండు కణాలను తయారుచేస్తూ ఉంటుంది. పాత పొరలను వదలకుండా పేర్చుకునే చెట్టు బెరడు మందమై, పగుళ్లు తేలుతుంది. ఎప్పటికప్పుడు వదిలించుకునే చెట్టు నునుపుగా మిగులుతుంది. వేసవిలో నేల వెంట పాకే మంటల నుంచి నల్లమద్దిని కాపాడేది ఆ మందమే. ఆ చెట్టు బోదెలో నీరు కూడా నిలవ ఉంటుంది. 2024లో పాపికొండల జాతీయ ఉద్యానవనంలో అటవీ సిబ్బంది ఒక నల్లమద్దికి గాటు పెట్టగా నీరు ధారగా చిమ్మిన దృశ్యాలు చాలామంది చూసే ఉంటారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తపసి. రాతి గుట్టల మీద, మట్టి పెద్దగా లేని చోట, తెల్లటి బోదెతో దూరం నుంచే కనిపిస్తుంది. పైపొర కాగితంలా లేచి ఊడుతుంది, దాని కింద పచ్చదనం ఉంటుంది. అది పత్రహరితమే కనుక, ఆకులు లేని కాలంలోనూ బెరడు కొంత ఆహారం తయారుచేసుకోగలదు. తపసి జిగురు కోసం ఈ బెరడుకే గాటు పెడతారు; హద్దు మీరి లోతుగా నరికితే చెట్టు కోలుకోలేక ఎండిపోతుంది.

తునికి బెరడు నల్లటి చిన్న చిన్న పలకలుగా పగులుతుంది. పెద్దేగికి గాటు పడితే రక్తంలాంటి ఎర్రటి జిగురు కారుతుంది. లేత బూరుగు బోదె నిండా మొనదేలిన ముళ్లుంటాయి, చెట్టు ముదిరేకొద్దీ కింది భాగంలో అవి తగ్గిపోతాయి. ఇక టేకు అంటారా, కలపకు ఉన్న గొప్ప బెరడుకు లేదు. బూడిద గోధుమ రంగులో, సన్నటి నిలువు చీలికలతో, పీచులా ఉంటుందంతే.

ఊళ్లలో ఈ పరిశీలనకు ఒక అడ్డంకి ఉంది. రోడ్ల పక్కన చెట్లకు నడుము ఎత్తు వరకు సున్నం, ఎర్రరంగు పూస్తుంటారు. రాత్రివేళ వాహనాలకు చెట్టు కనబడాలన్న ఉద్దేశం సరైనదే కాని, బెరడు చూడదలచినవారు వరంగల్, హనుమకొండ వీధుల్లో రంగు పడని ఇంటి పెరళ్లను ఎంచుకోవడం మేలు: వేప ముదురు బూడిద రంగు చీలికలనూ, జామ బోదె మీద రాగి, ఆకుపచ్చ కలిసిన మచ్చలనూ అక్కడ చేత్తో తడిమి చూడవచ్చు.