గండభేరుండం మళ్ళీ నేల దగ్గరే దొరికిపోయింది

నిన్న రాత్రి మేం ఆడిన డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, బోర్డు మీద బొమ్మలు పెట్టి ఆడే కథల ఆట) లోనూ అదే జరిగింది. 60 అడుగుల ఎత్తు నుంచి దూసుకొచ్చిన గండభేరుండం, అదే రెండు తలల పక్షి, మా విలుకాడిని ఒక్కసారి పొడిచి, టర్న్ అయిపోయేసరికి నేలకి 5 అడుగుల ఎత్తులో మిగిలింది. కత్తివాళ్ళిద్దరూ రెండు వైపుల నుంచీ చేరారు. తర్వాతి రౌండ్‌కి అది లేదు. కొండవీడు క్యాంపెయిన్ (ఒకే కథగా సాగే ఆటల వరస) మొత్తానికి పెద్ద దిక్కుగా పెట్టుకున్న పక్షి! మెట్లదారిలో కనిపించిన ఏనుగు ఎముకలు, ఊళ్ళో ముసలాళ్ళు చెప్పిన కథలు, అచ్యుతదేవరాయల నాణెం మీది బొమ్మ, ఇన్ని సూచనలిచ్చి నెలల తరబడి ఊరించాను. తీరా వచ్చాక కోడిపుంజులా నేల మీద చచ్చిపోతే ఆట నడిపే డీఎంకి ఎలా ఉంటుంది?

బోర్డు మీద పెట్టే పక్షి బొమ్మ మాత్రం అద్భుతంగా కుదిరింది. కొండపల్లి నుంచి తెచ్చుకున్న పొణికి చెక్క కాబట్టి రెక్కలు ఎంత వెడల్పు పెట్టినా బరువు లేదు. స్టాండుకి పాత రేడియో యాంటెన్నా, కింద ఆటోనగర్‌లో దొరికిన పాత బేరింగు. 12 అంగుళాలు సాగదీసినా, సీలింగ్ ఫ్యాను ఐదు మీద తిరుగుతున్నా కదల్లేదు. గుంటూరు ఎండల్లో ఫ్యాను ఆపి ఆడే పరిస్థితి లేదు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఎత్తు గుర్తుకి మినియేచర్ పక్కన డైస్ పెట్టే పద్ధతి నాకెప్పుడూ నచ్చదు, ఎవరో ఒకరు దాన్ని తీసి వేసేస్తారు. యాంటెన్నాకి అంగుళానికో గీత పెడితే ఆ గొడవే లేదు.

ఇక అసలు సంగతి. పక్షి రూల్స్ డి అండ్ డి పాత ఎడిషన్ 3.5 నుంచి తీసుకున్నాను. ఎగిరే వేగం 80 అడుగులు, మాన్యువరబిలిటీ (గాల్లో మలుపు తిరిగే నేర్పు) పూర్, ఫ్లైబై అటాక్ (ఎగురుతూ మధ్యలో కొట్టి ముందుకి సాగిపోవడం) ఉంది. బోర్డు 24×36 అంగుళం గడులు, గడికి 5 అడుగులు. పూర్ అంటే ఇదీ: ప్రతి రౌండ్‌లో కనీసం సగం వేగం ముందుకి పోవాలి, గాల్లో ఆగడానికి లేదు, ఒక గడిలో 45 డిగ్రీలకి మించి తిరగడానికి లేదు, ఎక్కడమైనా దిగడమైనా 45 డిగ్రీల వాలులోనే. ఎక్కితే సగం వేగం, దిగితే రెట్టింపు. దిగాక మళ్ళీ ఎక్కే ముందు 10 అడుగులు సమంగా ఎగరాలి.

నిన్నటి టర్న్‌ని ఆట అయ్యాక గడి గడీ లెక్కేశాను. 60 అడుగులు దిగాలంటే 12 ఏటవాలు గడులు. ఏటవాలు గడులకి మేం 5, 10, 5, 10 అని లెక్కేస్తాం కాబట్టి 90 అడుగులు. దిగడం రెట్టింపు వేగం గనక 45 ఖర్చు. సమంగా ఎగిరే 10 కలిపితే 55. చేతిలో మిగిలింది 25. ఎక్కడానికి ఏటవాలు గడి సగటున ఏడున్నర, సగం వేగం గనక 15. అంటే ఒకే ఒక్క గడి. 5 అడుగులు. ఎక్కడా లెక్క తప్పలేదు. రూల్ ప్రకారం సరిగ్గా జరగాల్సిందే జరిగింది, నా బాధంతా అదే.

వేగం తక్కువేమో అనుకుని ఇంతకుముందొకసారి 120 చేసి చూశాను. 45, 10 పోగా 65 మిగులుతుంది, 4 గడులు ఎక్కుతుంది, 20 అడుగుల ఎత్తు. బాగానే ఉందనిపించింది గానీ, కనీస వేగం 60 అయిపోయింది. ప్రతి రౌండ్‌లోనూ 12 గడులు పోయి తీరాలి. బోర్డు అడ్డంగా 24 గడులే. మలుపు తిరిగేలోపు టేబుల్ దాటిపోయేది. ఆటగాళ్ళు ఒక రౌండంతా దాని కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

మాన్యువరబిలిటీ పెంచుదామంటే, పూర్‌కి పై మెట్టు యావరేజ్ చేస్తే ఏ కోణంలోనైనా దిగొచ్చు, మధ్యలో సమంగా 5 అడుగులు చాలు. నిట్టనిలువునా 60 దిగితే 30 ఖర్చు, సమంగా 5, మిగిలిన 45తో 3 గడులు, 15 అడుగులు. కానీ నిట్టనిలువుగా దిగింది కనీస ముందడుగులో కలుస్తుందా లేదా అని అరగంట వాదన. పైగా యావరేజ్ ఇస్తే రెండు తలల మహా పక్షి నిలబడ్డ చోటే కొంచెం కొంచెం తిరిగేస్తుంది. దాని బరువంతా పోతుంది. పెద్ద పక్షికి మలుపు కష్టం కావడమే నాకు ఆ పాత రూల్స్‌లో ఇష్టమైన విషయం. అది వదులుకోను.

అప్పుడు తక్కువ ఎత్తు నుంచి మొదలుపెట్టి లెక్కేశాను. 30 అడుగుల నుంచి దిగితే 6 గడులు, 45 అడుగులు, ఖర్చు ఇరవై రెండున్నర. సమంగా 10. ఇంకా నలభై ఏడున్నర మిగిలింది. 3 గడులు. అంటే 15 అడుగుల ఎత్తులో ఆగుతుంది. మళ్ళీ చూడండి: 60 నుంచి దూకితే 5 దగ్గర ఆగింది, 30 నుంచి దూకితే 15 దగ్గర. ఎత్తు నుంచి వచ్చిన కొద్దీ పక్షికి నష్టం! ఈ ఒక్క ముక్క దొరికాక నిద్ర పట్టలేదు.

గద్ద ఏం చేస్తుందో ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే కనిపిస్తుంది. పైన రెక్క ఆడించకుండా తిరుగుతూ ఉంటుంది. ఒక్కసారి రెక్కలు సగం ముడిచి వాలుతుంది. నీళ్ళ దగ్గరికొచ్చేసరికి కాళ్ళు ముందుకి చాపుతుంది, గోళ్ళు నీటిని గీరతాయి, అంతే, ఆ ఊపులోనే పైకి లేస్తుంది. రెక్కలు కొట్టడం మొదలయ్యేది ఆ తర్వాతే. దిగిన ఎత్తంతా వేగమైంది, వేగంలో చాలా భాగం మళ్ళీ ఎత్తయింది, గాలి రాపిడికి కొంత పోయింది. 3.5 రూల్స్ దిగేటప్పుడు వేగాన్ని రెట్టింపు చేస్తాయి, ఎక్కేటప్పుడు సగం చేస్తాయి, మధ్యలో ఆ ఊపుని మాత్రం ఎక్కడా దాచుకోవు. నా పక్షిని చంపింది కత్తివాళ్ళు కాదు, ఆ ఖాళీయే.

మిగతా రూల్స్‌తో కూడా ప్రయత్నించాం. డి అండ్ డి ఐదో ఎడిషన్‌లో ఎక్కడానికీ దిగడానికీ తేడా లేదు. 2014 రూల్స్‌లో హోవర్ (గాల్లో నిలబడగలదు) అని రాసి లేని జీవి కూడా గాల్లో ఒకే గడిలో ఆగిపోవచ్చు. కిందకి పడగొడితేనో, వేగం సున్నా అయితేనో తప్ప పడదు. దాంతో అదే పక్షి 40 అడుగుల ఎత్తు నుంచి నిలువుగా దిగి, పొడిచి, నిలువుగా ఎక్కేసింది. "అన్నాయ్, ఇది పక్షా లిఫ్టా?" అన్నాడు బెజవాడ నుంచి వచ్చే మా తమ్ముడు. నిజమే. ఆ రూల్ తప్పని నేననను. ఫ్లై మంత్రం వేసుకున్న మంత్రగాడికి, అలవాటు లేని కొత్తవాళ్ళకి అంతకన్నా సుఖమైంది లేదు. నాకు కావలసింది మాత్రం అందులో లేదు.

పాత్‌ఫైండర్ అనే ఇంకో ఇలాంటి ఆట మొదటి ఎడిషన్‌లో ఫ్లై అని ఒక స్కిల్ పెట్టారు, డైస్ వేసి స్కిల్ కలిపితే ఇంత రావాలి అని. గాల్లో ఆగాలంటే 15 రావాలి, 10 అడుగులు ఖర్చు పెట్టి వెనక్కి తిరగాలంటే 20, నలభై ఐదు డిగ్రీల కన్నా నిటారుగా ఎక్కాలంటే 20. ఆటగాడి చేతిలో ఇది బాగుంటుంది, డైస్ పడ్డప్పుడల్లా టేబుల్ అంతా ముందుకి వంగుతుంది. నాలుగు పక్షులు నడిపే డీఎంకి మాత్రం టర్న్ సాగిపోతుంది.

ఉన్నవాటిలో పాత్‌ఫైండర్ రెండో ఎడిషనే నాకు దగ్గరగా అనిపించింది. పైకి ఎగిరితే ముళ్ళదారిలో నడిచినట్టు అదనంగా ఖర్చవుతుంది, నిలువుగా దిగితే 5 ఖర్చుకి 10 అడుగులు. ఒక రౌండ్‌లో ఎగిరే యాక్షన్ ఒక్కటి కూడా వాడకపోతే టర్న్ చివర పడిపోతావు. మూడు యాక్షన్లలో ఒకటి గాలికి కట్టాల్సిందే! ఈ ఒక్క షరతు ఎగరడాన్ని ఎగరడంలా ఉంచుతుంది. దిగు, కొట్టు, ఎక్కు అని మూడు యాక్షన్లు వాడితే 80 వేగంతో పక్షి మళ్ళీ 40 అడుగులకి చేరుతుంది. కానీ మధ్యలో పూర్తిగా ఆగి కొట్టినట్టే ఉంటుంది. గోళ్ళు నీటిని గీరిన ఆ క్షణం రాదు.

అందుకే ఇవాళ పొద్దున ఖాళీ బోర్డు మీద సొంత రూల్ ఒకటి నడిపాను. దిగిన ఎత్తులో సగం, అదే టర్న్‌లో ఖర్చు లేకుండా తిరిగి ఎక్కొచ్చు. ముందు 10 అడుగులు సమంగా ఎగరడం తప్పదు, ఆ ఎక్కేటప్పుడు మలుపు తిరగకూడదు. 60 నుంచి దిగితే ఊపు మీద 30, మిగిలిన 25తో ఇంకో 5, మొత్తం 35 అడుగుల ఎత్తు. కత్తులకి అందదు, బాణాలకి అందుతుంది. సరిగ్గా నాకు కావలసింది. దారి మొత్తం 12, 2, 7 కలిపి 21 గడులు. బోర్డు పొడుగు వైపు పెడితే హాయిగా సరిపోతుంది, అడ్డంగా అయితే అంచుకి మూడు గడుల దూరంలో ఆగుతుంది.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. తెలివైన పక్షి 30 అడుగుల నుంచే దిగుతుంది కదా, అదీ చూద్దామని నడిపాను. మొదటిసారి ఊపు మీద 15, సొంతంగా 15, మళ్ళీ 30కే వచ్చేసింది. రెండో రౌండ్‌లో వెనక్కి తిరగడానికి (45 డిగ్రీల చొప్పున నాలుగు గడులు) 20 అడుగులు పోయాయి, చివరికి 20 అడుగుల ఎత్తులో ఆగింది. మూడో రౌండ్‌లో 20 నుంచి దిగి మళ్ళీ 20కే వచ్చింది. అక్కడ స్థిరపడిపోయింది. అంటే ఈ రూల్‌తో పక్షి 20 అడుగుల ఎత్తులో కూర్చుని రౌండ్ రౌండ్‌కీ పొడుస్తూ ఉండొచ్చు, 60కి ఎక్కే అవసరమే లేదు. పొడుగాటి ఈటెకి కూడా అందదు. ఇప్పుడు చచ్చేది మా వాళ్ళు.

నా అనుమానం, సగం అనే వాటా దగ్గర కాదు, ఎంత దిగితే ఊపు పుడుతుందన్న దగ్గర ఉంది. తక్కువ ఎత్తులో రెక్కలు పూర్తిగా ముడవడానికే చోటుండదు. కాబట్టి 40 అడుగులకి తక్కువ దిగితే ఉచితం లేదు అని పెడితే? 30 నుంచి దిగినది పుస్తకంలో ఉన్నట్టే 15 దగ్గర ఆగుతుంది. 60 నుంచి దిగినది 35 దగ్గర ఆగి, తర్వాతి రౌండ్‌లో 20 అడుగులు మలుపుకి పెట్టి, మిగిలిన 60తో 4 గడులు ఎక్కి 55కి చేరుతుంది. మూడో రౌండ్‌లో మళ్ళీ దూకుతుంది. రౌండ్ విడిచి రౌండ్ దాడి. మధ్య రౌండ్‌లో విలుకాళ్ళకి పని, మిగతావాళ్ళకి గోడ పక్కకి పరిగెత్తే వ్యవధి. కాగితం మీద చాలా అందంగా ఉంది. టేబుల్ మీద ఎలా ఉంటుందో వచ్చే వారం తేలుతుంది.

మా మంత్రగత్తె లేపిన ఇంకో పేచీ కూడా తేల్చాలి. పక్షి 12 గడుల ఎత్తులో, 8 గడుల దూరంలో ఉంది. ఆ రెండిట్లో పెద్ద సంఖ్యే దూరం అనుకుంటే 60 అడుగులు, మంత్రం అందుతుంది. 5-10 లెక్కన 80. నిజంగా కొలిస్తే 72 పైచిలుకు. ఇక నుంచి కొలత దారంతోనే: అంగుళానికో సిరా చుక్క పెట్టిన నూలు దారం, మంత్రగత్తె తల నుంచి పక్షి బొమ్మ అడుగు వరకు. మైనపు దారం కొనకండి, చుక్కలు నిలవవు.

చచ్చిపోయిన పక్షి సంగతి అడుగుతారేమో. దాని జంట పక్షి కొండ మీదే ఉంది, రాత్రి దాని అరుపు వినిపించి ఆట ఆపాను. కోట గోడని సన్‌బోర్డుతో 8 అంగుళాల ఎత్తు కట్టాలి, అప్పుడే 45 డిగ్రీల వాలుకి ఏ గడి మరుగో కంటికి కనిపిస్తుంది. బోర్డు దాటిపోయే సమస్యకి పక్కన చిన్న ఆకాశం కాగితం ఒకటి, గడికి 20 అడుగుల లెక్కన గీస్తున్నాను. ఆ తర్వాత వేసవి మధ్యాహ్నం కోసం ఇంకోటి ఉంది మనసులో: కాలిన బండల మీద వేడి గాలి లేచే నాలుగు గడులు, వాటిలో గుండ్రంగా తిరిగితే ఖర్చు లేకుండా ఎత్తు. కనిపెడితే ఆ గడుల్ని ఆటగాళ్ళూ వాడుకోవచ్చు. ఎగిరే తివాచీ ఇమ్మని అడుగుతూనే ఉన్నారు.