టైఫాయిడ్ అని రాయించుకు రమ్మన్నారు

ఈరోజు మధ్యాహ్నం నా సిక్ లీవు సాంక్షన్ అయింది. సర్టిఫికెట్‌లో డిప్రెషన్ అనే ఉంది, టైఫాయిడ్ అని లేదు. కోపం ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తా ఉన్నా.

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఎండాకాలం నుంచీ నిద్ర లేదు, అన్నం సయించదు, బెల్లు కొట్టినా కుర్చీలోంచి లేవబుద్ధి కాదు. మా ఆవిడ పోరు పెడితే 14416కి ఫోన్ చేసినా, అది టెలి మానస్, మనసు బాగలేనోళ్ళ కోసం ఫోన్ హెల్ప్‌లైన్, 2022లో కేంద్రం వాళ్ళు మొదలుపెట్టింది, ఫ్రీ, రాత్రయినా పగలైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి పొమ్మన్నారు, పోయినా. మాత్రలు రాసిచ్చి, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు అన్నాడాయన. ఇంతవరకూ కష్టమేం లేదు.

ఆ కొన్ని వారాలే నరకం. చుట్టాలంతా పాజిటివ్‌గా ఉండమని వీడియోలు పంపుతారు, అవి చూస్తే ఇంకా ఏడుపొచ్చేది. నవ్వే మొహాలు చూడలేక ప్రపంచం అంతమైపోయే కథలు పట్టుకున్నా. మా అమ్మ భయపడి "బ్రహ్మంగారి కాలజ్ఞానం చాలదా నాయనా, ఇదొకటా" అనింది. నాకు మాత్రం అవే ఊపిరి ఆడించినాయి. మామూలు కథలో మనిషి ఏదో పోగొట్టుకునేదాకా నడుపుతారు. ఇక్కడ అంతా పోయినాకే కథ మొదలు. పొద్దున ఎవరు నీళ్ళు తేవాల, పక్కన పడున్నోడికి ఎవరు తినిపించాల, అదే ప్రశ్న. నేను అప్పటికే ఆ చోట ఉన్నా కాబట్టి ఆ ప్రశ్న నాకు అర్థమయింది.

ఎక్కువ నాతో ఉండింది ఇంగ్లండు రచయిత్రి మేరీ షెల్లీ రాసిన నవల 'ది లాస్ట్ మ్యాన్', 1826లో అచ్చయింది. మూడు సంపుటాలు, పాతకాలం ఇంగ్లీషు, పాత పుస్తకాలు పెట్టే గుటెన్‌బర్గ్ సైట్‌లో ఫ్రీగా ఉంది, ఒక్క పేజీ వదలకుండా చదివినా, మా స్టాఫ్‌లో ఇంగ్లీషు లెక్చరర్లు కూడా చదివుండరు. అప్పటికే ఆమె ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకునింది, 1822లో మొగుడు సముద్రంలో మునిగి చనిపోయినాడు. అంత దుఃఖంలో ఉండి మహమ్మారి మనుషులందర్నీ తుడిచిపెట్టే కథ రాసింది. అందులో ఏడ్రియన్ అని ఒకడు, ప్రేమ విఫలమై మతి చెదిరి, మళ్ళీ కోలుకున్నోడు, ఒళ్ళు ఎప్పుడూ బలహీనమే. రోగం దేశంలోకి వచ్చేసరికి పదవిలో ఉన్న పెద్దమనిషి పారిపోతాడు. ఈ ఏడ్రియనే ముందుకొచ్చి జనాన్ని చూసుకుంటాడు.

ఇది చదివిన వారంలోనే సర్టిఫికెట్ తీసుకుని కాలేజీ ఆఫీసుకు పోయినా. ఫీజు కట్టే పేరెంట్స్ నిలబడి ఉండారు. ఆఫీసు ఆయన కాగితం చూసి పైకే చదివినాడు, "డిప్రెషనా? ఫిజిక్స్ సారుకా?" అటెండర్ నుంచి పిల్లల తండ్రుల దాకా అందరూ తిరిగి చూసినారు. నా చెవులు కాలిపోయినాయి. లోపలికి పిలిచి ప్రిన్సిపాల్, "సార్, ఇది బయటికి పోతే అడ్మిషన్లు పోతాయి, టైఫాయిడ్ అని ఇంకోటి రాయించుకు రండి, మనకు తెలిసిన ఆర్‌ఎంపీ ఉండాడు" అన్నాడు. నేను పలకలేదు. "అయినా మెంటల్ ఉన్నోళ్ళని క్లాసులో ఎట్ల నిలబెట్టేది, మీరే చెప్పండి" అన్నాడు. పదేళ్ళ పైగా ఆ క్లాసుల్లో నిలబడి వాళ్ళ హోర్డింగుల మీదకి ర్యాంకులు తెచ్చిచ్చింది నేను.

ఏడ్రియన్ గుర్తొచ్చినాడు. "అబద్ధం రాయించుకు రాను సార్" అని మాత్రం చెప్పి బయటికొచ్చినా. ఆ తర్వాత సంతకం పెట్టే మనిషి లేడని, ఫైలు హెడ్డాఫీసుకు పోయిందని, తిప్పించుకుంటానే ఉండారు. చివరికి మా ఆవిడ ఐడియా, అప్లికేషన్ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద అందినట్టు స్టాంపు వేయించుకుని, కుదరదంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమన్నాం. రాసివ్వాలంటే ఒక్కడికీ చెయ్యి రాదు. ఈరోజు సంతకం పెట్టినారు. మీరు కూడా ఆఫీసోళ్ళతో నోటిమాట మీద ఉండొద్దు, తీయగా మాట్లాడేవాడి దగ్గర అసలు ఉండొద్దు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ఉంది, వైద్యంలో ఒంటి జబ్బునీ మనసు జబ్బునీ సమానంగా చూడమనే అది చెప్పేది. డాక్టర్లు కూడా మన వివరాలు బయట పెట్టకూడదు.

ఈ పుస్తకాల్లో మనుషులు మరీ మంచోళ్ళు, బయట అట్ల ఉండరు అని ఒక కొలీగ్ అన్నాడు. ఉంటారు. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట లీకైనప్పుడు కింది ఊర్లు ఖాళీ చేయించినారు, మా అత్తోళ్ళూరు అందులో ఒకటి. గట్టు తగాదాతో కోర్టుకెక్కిన రెండు ఇళ్ళోళ్ళు మిట్ట మీద ఒకే గుండిగలో వండుకుని తిన్నారు. మా అత్త ఇప్పటికీ చెప్తుంది. నీళ్ళు తగ్గినాక కేసు మళ్ళీ నడిచింది, అది వేరే సంగతి, ఆ అన్నం మాత్రం నిజమే కదా.

మాత్రలు ఇప్పుడిప్పుడే పట్టినట్టున్నాయి, నిన్న ఆకలేసి లేచినా. లీవుకు జీతం ఇచ్చేదీ లేనిదీ ఇంకా తేల్చలేదు. సోమవారం మళ్ళీ పోవాల, ఈసారి మా ఆవిడ కూడా వస్తానంటా ఉంది.