వానల్లో నల్లరేగడి మడి

కర్నూలు వైపు నల్లరేగడిలో కూరగాయలు పెట్టేవాళ్లు వాన వెలిసిన మర్నాడే పార పట్టొద్దు. జానెడు లోతు మట్టి తీసి అరచేతుల మధ్య నులమండి. తాడులా సాగితే ఆగాలి, పొడిపొడిగా విరిగితే పదును వచ్చినట్టే. తడిలో తొక్కితే మట్టిలో గాలి సందులు మూసుకుపోతాయి, ఎండాక గడ్డలు ఓ పట్టాన పగలవు.

మడి 3 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉండాలి. చుట్టూ కాలువ తీసి వాలువైపు నీళ్లు వదిలేయండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. నీళ్లు నిలిచి, వేర్లకు గాలాడక టమాటా, మిరప ఆకులు పసుపెక్కితే చాలామంది యూరియా చల్లుతారు. ముందు నీళ్లు తీయాలి!

10 చదరపు మీటర్లకు 25 కిలోల మాగిన పశువుల ఎరువు కలపండి. ఇసుక వద్దు, కొద్దిగా కలిస్తే నేల ఇంకా బిగుస్తుంది. బెండ గింజలు అంగుళం లోపే వేయండి. వాన తర్వాత పైన పెచ్చు కడితే మొలక రాదు, వేళ్లతో మెల్లగా చిదపండి.