పిడి వైపు అరంగుళం

మా చిన్నాయన కావలిలో నలభై ఏళ్లు సెలూన్ నడిపాడు. ఎయిడ్స్ భయం మొదలయ్యాక ఆయన కూడా అందరిలాగే సగం బ్లేడు విరిచి వేసుకునే కత్తికి మారాడు. అంతకుముందు వాడిన అసలు కత్తి, జర్మనీలోని జోలింగెన్ ముద్ర ఉన్నది, పొదిలో గుడ్డ చుట్టి దాచిపెట్టాడు. పోయిన సంక్రాంతికి దాన్ని నా చేతిలో పెట్టి, "నాకు చూపు ఆనడం లేదు అబ్బయా. దీన్ని తుప్పు పట్టనియ్యబాక" అన్నాడు.

గుడ్డ విప్పి చూస్తే కత్తి వీపు మీద, అంటే పదును లేని మందపాటి వైపు, సన్నటి తుప్పు చుక్కలు. వాదర, అంటే పదునుండే అంచు, మధ్యలో ఒక నొక్కు, ఆవగింజలో సగం కూడా ఉండదు. దీంతోనే గడ్డం గీసుకోవాలని ఆ రోజే అనుకున్నాను.

1000, 5000, 8000 నంబరు సానరాళ్లు మూడు తెప్పించాను. నంబరు పెరిగేకొద్దీ రాయిలో రేణువు సన్నబడుతుంది. 1000 రాయి వాదరకు ఆకారం ఇస్తుంది, 8000 మెరుగు పెడుతుంది. వంటింటి కత్తికి లాగా దీనికి కోణం చూసుకునే పని లేదు. వీపూ వాదరా రెండూ ఒకేసారి రాయికి ఆనితే చాలు, వీపు మందమే కోణాన్ని నిలబెడుతుంది. వీపు పైకి లేచిందో, పని చెడినట్టే. రాయి వెడల్పు కంటే వాదర పొడవు ఎక్కువ కాబట్టి తిన్నగా తోయకుండా, పిడి వైపు మొదలుపెట్టి కొసకి వచ్చేలా ఏటవాలుగా నడపాలి. వాదర ముందుండి వెళ్లాలి. రాయి చివరికొచ్చాక కత్తిని వీపు మీదే దొర్లించి రెండో వైపు వెనక్కి తేవాలి.

ఇదంతా చేశాను. నొక్కు పోయింది. మూడు రాళ్లూ అయ్యాక పేపరు కోస్తే చప్పుడు లేకుండా తెగింది. ముంజేతి మీద వెంట్రుకలు కూడా రాలాయి. తీరా గడ్డం మీద పెడితే కుడి చెంప మంట, చుబుకం దగ్గర పీకుడు. అప్పుడు నేను చేసిన తప్పేమిటంటే, లోపం మెరుగులో ఉందనుకోవడం. నాలుగు ఆదివారాలు 8000 రాయి మీదే, ఇంకాస్త బలం పెట్టి నూరుతూ కూర్చున్నా. పదును పెరగలేదు సరికదా, వీపు ఒకచోట అరిగింది.

చివరికి చిన్నాయనకే చూపించాను. కళ్లు ఆనకపోయినా వేలికి తెలుసు. బొటనవేలి చివర తడి చేసుకుని వాదరకు అడ్డంగా, ఆనీ ఆనకుండా పెట్టి, పిడి నుంచి కొస దాకా మూడు నాలుగు చోట్ల చూశాడు. "కొస పట్టింది. పిడి వైపు అరంగుళం అసలు రాయికి తగల్లేదు. రాయి గుంట పడిందేమో చూసుకో" అన్నాడు.

ఇంటికొచ్చి 1000 రాయి మీద పెన్సిల్‌తో నిలువూ అడ్డం గీతలు గీశాను. ఒంగోలు బావమరిది చీమకుర్తి గ్రానైట్ పాలిష్ చేసే చోట పనిచేస్తాడు. నల్ల గెలాక్సీ రాయి ముక్క ఒకటి, అడుగు పొడవుది, ఆయన ఇచ్చిందే ఉంది. అద్దంలా చదునుగా ఉంటుంది. దాని మీద 400 నంబరు వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి పరిచి, సానరాయిని బోర్లించి రుద్దాను. అంచుల్లో గీతలు చెరిగాయి, నడిమధ్యలో గీతలు చెక్కుచెదరలేదు. అంటే మధ్యలో గుంట. ఆ గీతలు మొత్తం పోయేసరికి ముప్పావు గంట పట్టింది, బూడిదరంగు బురద మోచేతుల దాకా వచ్చింది. పదును గురించి ఎవరు అడిగినా ముందు ఈ పనే చేయమంటాను. రాయి చదునుగా లేకపోతే చేతిలో ఎంత నేర్పున్నా వృథా.

తర్వాత వాదర పక్కన రెండు వైపులా నల్ల మార్కర్ పూసి, 1000 రాయి మీద బరువు లేకుండా రెండుసార్లు నడిపాను. భూతద్దంలో చూస్తే చిన్నాయన చెప్పిన అరంగుళంలో వాదర అంచున వెంట్రుకంత నల్లగీత మిగిలే ఉంది. నెల రోజులు నేను మెరుగు పెట్టింది ఆ గీత వెనకున్న ఇనుముకి! అసలు అంచుని 8000 రాయి ఒక్కసారి కూడా తాకలేదు. మార్కర్ పూయడం, నడపడం, చూడడం, ఆ గీత పూర్తిగా పోయేదాకా 1000 వదల్లేదు. ఆ తర్వాత 5000కి పది నిమిషాలు, 8000కి పది నిమిషాలు సరిపోయాయి. 8000 మీద చివరి ఇరవై సార్లు కత్తి బరువు తప్ప చేతి బరువు లేదు.

ఇక పట్టా, రాయి అయ్యాక కత్తిని రుద్దేది, ఒకవైపు గుడ్డ, ఒకవైపు తోలు. చిన్నాయన కుర్చీకి వేలాడిన తోలుపట్టానే వాడుతున్నాను. రాయి మీద నడకకి ఇది తలకిందులు. ఇక్కడ వీపు ముందు, వాదర వెనక. అలవాటులో వాదర ముందుకి పోతే పట్టా తెగుతుంది, అంచు మడత పడుతుంది. పట్టాని బిగుతుగా లాగి పట్టుకోవాలి, వదులైతే అంచు గుండ్రబడుతుంది. గుడ్డ వైపు ఇరవైసార్లు, తోలు వైపు యాభైసార్లు.

మాకు తుమ్మలపెంట వైపు నుంచి ఉప్పుగాలి. తడిగా వదిలేస్తే ఈ ఇనుము తెల్లారేసరికి మచ్చ పడుతుంది. గీసుకోగానే తుడిచి, ఆరబెట్టి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క రాస్తాను.

వారానికి మూడుసార్లు గీసుకుంటాను. పదకొండు వారాలు పట్టాతోనే నడిచింది. పోయిన నెల చుబుకం దగ్గర మళ్లీ కాస్త పీకింది. ఈసారి 1000 జోలికి పోలేదు. 8000 తడిపి, బరువు లేకుండా పన్నెండుసార్లు, ఆపైన పట్టా. మర్నాడు కావలి వెళ్లి చిన్నాయనకి నేనే గడ్డం గీశాను. కళ్లు మూసుకుని కూర్చున్నాడు. రెండో చెంప అయ్యాక కత్తి అడిగి తీసుకుని, పిడి దగ్గర బొటనవేలు పెట్టాడు.

"ఇక్కడ ఇంకో నాలుగుసార్లు నడుపు అబ్బయా. మిగతాదంతా బాగుంది."