డిమ్మర్ ప్యాక్ లోపల ఏం జరుగుతుందంటే

స్టేజీ లైటింగ్ నేర్చుకుంటామని వచ్చే పిల్లలు ముందు లైట్లను నడిపే కన్సోల్ మీద చెయ్యేస్తారు. నేను వాళ్లను దీపాల వెలుగు తగ్గించి పెంచే పెట్టె, అంటే డిమ్మర్ ప్యాక్ దగ్గర కూర్చోబెడతాను. కన్సోల్ మీది జారుడు మీటను, అంటే ఫేడర్‌ను దించితే దీపం ఎలా తగ్గుతుందో తెలిస్తే, లైట్లు వెయ్యగానే స్పీకర్లలో జుయ్యిమని ఎందుకొస్తుందో కూడా తెలుస్తుంది.

కుళాయి కట్టేసినట్టు డిమ్మర్ కరెంటును సన్నగా చేస్తుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. 50 హెర్ట్జ్ సప్లైలో సెకనుకు 100 అర్ధ తరంగాలు, ఒక్కోటి 10 మిల్లీసెకన్లు. ప్యాక్‌లోని ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ప్రతిసారీ కాసేపు ఆగి, అప్పుడు కరెంటును వదులుతుంది. సరిగ్గా మధ్యలో వదిలితే ఫిలమెంట్‌కు అందే వోల్టేజీ 70 శాతం చిల్లర. వెలుగు మాత్రం ఇంచుమించు మూడో వంతుకు పడిపోతుంది, రంగు కూడా పసుపు దాటి ఎరుపు వైపు జారుతుంది. నాటకంలో సాయంత్రాన్ని చూపించాలంటే నాకు ఈ ఎరుపే కావాలి. ఫిల్టర్ పేపర్ పెట్టినా ఇంత మెత్తగా రాదు. ఫిలమెంట్ చల్లారడానికి తీసుకునే ఆ కాస్త సమయం ఫేడవుట్‌కు ఎంత అందమిస్తుందో!

ట్రయాక్ వదిలిన క్షణంలో కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ దెబ్బకే ఫిలమెంట్ సన్నగా పాడుతుంది, మైకు కేబుల్లోకి ఆ రొద ఎక్కుతుంది. దాన్ని మెత్తబరచడానికే ప్యాక్‌లో చోక్ అనే తీగచుట్ట ఉంటుంది. చోక్ ఎంత పెద్దదైతే ప్యాక్ అంత బరువు, సౌండువాళ్లకు అంత హాయి. అందుకే ప్యాక్ కొనేముందు చేత్తో ఎత్తి చూడమంటాను. లైట్ల కేబుళ్ల పక్కనే మైకు కేబుళ్లు పరవకూడదు. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించాలి.

ఇక లెక్క. ప్యాక్ మీద ‘4 ఛానెళ్లు, ఒక్కోటి 5 ఆంప్స్’ అని ఉంటుంది. ఛానెల్ అంటే విడిగా తగ్గించి పెంచగలిగే ఒక్కో లైను. ప్లగ్గు మాత్రం 15 ఆంప్స్‌దే. 230 వోల్టుల దగ్గర 1000 వాట్ల పార్ క్యాన్ (డబ్బాలాంటి స్టేజీ దీపం) 4.3 ఆంప్స్ పైన లాగుతుంది. ఏ ఛానెల్‌కు ఆ ఛానెల్ చూస్తే అంతా సవ్యమే, నాలుగూ ఫుల్‌లో పెడితే 17 దాటుతుంది. సీను మంచి పట్టు మీద ఉండగా ఫ్యూజు పోయేది ఇలాంటప్పుడే. పైగా చల్లగా ఉన్న ఫిలమెంట్ వెలిగే క్షణంలో మామూలుకన్నా పది రెట్లకు పైగా లాగుతుంది. షోకు ముందు లైట్లను కొద్దిగా వెలిగించి వెచ్చబెట్టడం ఇందుకే.

త్రీ ఫేజ్ మీద పెద్ద డిమ్మర్లు పెట్టేవాళ్లు న్యూట్రల్‌ను, అంటే కరెంటు తిరిగివెళ్లే వైరును తేలిగ్గా తీసుకోవద్దు. తరంగాన్ని ఇలా కోసినప్పుడు పుట్టే మూడో హార్మోనిక్ (సప్లైకన్నా మూడు రెట్లు వేగంగా ఊగే కరెంటు) మూడు ఫేజుల నుంచీ వచ్చి న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకోదు, కలిసిపోతుంది. ఫేజు వైర్లకన్నా న్యూట్రలే ఎక్కువ వేడెక్కవచ్చు. ఎలక్ట్రీషియన్‌తో ఈ మాట నేను ప్రతిచోటా అంటాను, విసుక్కున్నా సరే.

కన్సోల్ మాటను ప్యాక్‌లకు చేరవేసే డిజిటల్ సిగ్నల్, డీఎంఎక్స్ సంగతి తేలికే. నాలుగు ఛానెళ్ల ప్యాక్‌కు అడ్రసు 1 ఇస్తే పక్కదానికి 5. లైను చివర సిగ్నల్ వెనక్కి తిరక్కుండా 120 ఓమ్‌ల టర్మినేటర్ (ఒక రెసిస్టర్) పెట్టండి.

ఎల్‌ఈడీ పార్, మూవింగ్ హెడ్ (తల తిప్పే లైటు), ఫ్యాన్ మోటారు ఉన్న పొగ మెషీను, వీటిలో దేన్నీ డిమ్మర్ ఛానెల్‌కు తగిలించకండి. ఫేడర్‌ను ఫుల్‌లో వదిలేస్తాం కదా అంటారు. ఫుల్‌లో ఉన్నా ఆ కరెంటు ట్రయాక్ గుండానే వెళ్తుంది, వీటి లోపలి పవర్ సప్లై, మోటారు దాన్ని తట్టుకునేలా చేసింది కాదు. వాటికి నేరుగా గోడ ప్లగ్గు నుంచి వేరే లైను లాగండి, ఆ లైను చివర ‘డిమ్మర్ కాదు’ అని టేపు మీద రాసి అంటించండి.