పాత కబ్ క్యాడెట్‌కి పార్టులు దొరకవన్న మాట సగమే నిజం

ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ కెంటకీలోని లూయీవిల్ ఫ్యాక్టరీలో చేసిన పాత కబ్ క్యాడెట్ గార్డెన్ ట్రాక్టరు ఇవాళ్టికీ పని చేయించుకోదగ్గ బండి. ఇంజను నుంచి వెనక్కి శక్తి బెల్టుతో కాదు, షాఫ్టుతో వెళ్తుంది. గేరుబాక్సు పోత ఇనుము, దాన్ని నడిపే కోలర్ కంపెనీ ఇంజను బ్లాకూ పోత ఇనుమే. అమెరికాలో ఎకరం పెరడున్న ఇల్లు కొన్న మనవాళ్లలో కొందరికి షెడ్డులో ఇలాంటిది ఇంటితోపాటే దక్కుతుంది. పార్టులు దొరకవని ఎవరో చెప్పగానే తుక్కుకి వేసేస్తారు. నిజంగా దొరకనివి కొన్ని ఉన్నాయి. మిగతావాటిని మనం తప్పు పేరుతో వెతుకుతున్నాం, అంతే.

ఇక్కడ చెప్పేది 1963 నుంచి వచ్చిన గేరు మోడళ్ల గురించి: 70, 100, 102, 122, 104, 124 లాంటివి. అంతకు ముందరి తొలి మోడల్ బెల్టుతో నడిచేది, దాని లెక్క వేరు.

పార్టుకి పేరు ఒకటి కాదు, మూడు. ట్రాక్టరు కంపెనీ ఇచ్చిన నంబరు ఒకటి. ఇంజను కంపెనీ ఇచ్చింది రెండోది. ఆ వస్తువు మీదే చెక్కి ఉన్నదో, కొలిస్తే వచ్చేదో మూడోది. మొదటిదానితో వెతికితే "ఆగిపోయింది" అని వస్తుంది. మూడోదానితో వెతికితే చాలాసార్లు పక్క వీధి బేరింగుల షాపులోనే ఉంటుంది. బాల్ బేరింగు రింగు మీద నంబరు ఉంటుంది, తుడిచి చదవండి. ఆయిల్ సీలుకి షాఫ్టు వ్యాసం, బయటి వ్యాసం, మందం, ఈ మూడు కొలతలు చాలు. అరిగిన సీలు పెదవిని కాకుండా షాఫ్టునే వెర్నియర్‌తో కొలవాలి. రోల్ పిన్నులు, వుడ్‌రఫ్ కీలు, స్ప్రింగులు, గ్రీజు నిపుల్స్ అన్నీ కొలత మీద కొనేవే. టైర్లకీ బెంగ లేదు. వీటికి ఎక్కువగా కనిపించే 23×8.50-12 వెనక టైరు, 16×6.50-8 ముందు టైరు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి.

ఇంజను సంగతికొస్తే, ఇంజనుని కప్పిన రేకు కవరు మీదున్న చిన్న పలకని గీకకుండా, కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడవండి. మోడల్, స్పెసిఫికేషన్, సీరియల్ అని మూడు నంబర్లుంటాయి. 100, 102, 104 మోడళ్లలో 10 హార్స్‌పవర్ కోలర్ కె241 ఇంజను; 122, 124 మోడళ్లలో 12 హార్స్‌పవర్ కె301. ఇదే కె శ్రేణి ఇంజన్లు జాన్ డీర్ 110, 112లలోనూ, వీల్ హార్స్ ట్రాక్టర్లలోనూ వచ్చాయి. కాబట్టి పిస్టన్, రింగులు, వాల్వులు, కనెక్టింగ్ రాడ్, హెడ్ గ్యాస్కెట్, పాయింట్ల (స్పార్కు కోసం కరెంటు తెంచే చిన్న స్విచ్చు) కోసం ట్రాక్టరు పేరుతో కాకుండా ఇంజను మోడల్‌తో వెతికితే దారి పది రెట్లు వెడల్పవుతుంది. క్రాంకు, ఆయిల్ పాన్, ఫ్లైవీలు మాత్రం బండిని బట్టి మారతాయి. అక్కడ స్పెసిఫికేషన్ నంబరు కలవకపోతే డబ్బు ఇవ్వకండి. ఇంకో జాగ్రత్త: కె241 బోరు (సిలిండరు వ్యాసం) 3.25 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 2.875. కె301 బోరు 3.375, స్ట్రోకు 3.25. బయటికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, లోపలి క్రాంకులు ఒకదానికొకటి పనికిరావు.

ఏళ్ల తరబడి పడున్న ఇంజను పట్టేసి ఉంటే స్టార్టర్ జోలికి వెళ్లకండి. ప్లగ్గు తీసి, తుప్పు వదిలించే నూనె పోసి నాలుగైదు రోజులు వదిలేయండి. రోజూ ఫ్లైవీలుని చేత్తో కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించాలి. కదలకపోతే హెడ్ విప్పండి. ఇవి సైడ్ వాల్వ్ ఇంజన్లు, హెడ్ అంటే ఫిన్నులున్న ఒక మూత మాత్రమే, అరగంట పని. చాలాసార్లు పట్టేసింది పిస్టన్ కాదు, తెరుచుకున్నచోటే తుప్పుపట్టి ఆగిపోయిన వాల్వ్ అని అప్పుడు తెలుస్తుంది. హెడ్ తీశాక పిస్టన్ తల మీది మసి గీకి చూడండి. .010, .020, .030లలో ఏదైనా కనిపిస్తే ఇంజను సిలిండరుని అప్పటికే అన్ని అంగుళాలు పెద్దది చేశారని, అంటే రీబోర్ అయిందని అర్థం. .030 కనిపిస్తే ఇక మామూలు సైజు మిగల్లేదు. ఆ బ్లాకుకి ఎక్కువ ధర పెట్టొద్దు.

తిరిగి బిగించేటప్పుడు చల్లగా ఉన్న కె241, కె301 ఇంజన్లకి వాల్వ్ గ్యాపు ఇన్‌టేక్ 8 నుంచి 10 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ఎగ్జాస్ట్ 17 నుంచి 20 థౌ. ఈ ఇంజన్లలో ట్యాపెట్ స్క్రూలు తిప్పి సరిచేయొచ్చు. హెడ్ బోల్టులు 25 నుంచి 30 ఫుట్-పౌండ్లు, రెండు మూడు విడతల్లో. ఇంజను వేడెక్కి చల్లారాక ఇంకోసారి బిగించాలి. ఆ రెండోసారి మరిచినవాళ్లకే గ్యాస్కెట్ కాలుతుంది.

కనెక్టింగ్ రాడ్ విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఈ ఇంజన్లకి ఆయిల్ పంపు లేదు. రాడ్ అడుగున ఉన్న చిన్న గరిటె పాన్‌లోని నూనెని చిమ్మితేనే లోపల అన్నీ తడుస్తాయి. నూనె తగ్గిందా, ముందు ఎండేది రాడే. అది క్రాంకుని పట్టేసి, విరిగి, బ్లాకు పక్కకి చిల్లు పెట్టుకుని బయటికొస్తుంది. కె241, కె301లలో క్రాంకు పిన్ను కొలత 1.500 అంగుళాలు ఉండాలి. మైక్రోమీటర్‌తో రెండు దిక్కులా కొలవండి. అరిగినా, గుండ్రదనం పోయినా మెషిన్ షాపులో 10 థౌ గ్రైండ్ చేయించి, దానికి సరిపోయే 10 థౌ అండర్‌సైజ్ రాడ్ వేయండి. రాడ్‌కీ దాని టోపీకీ ఉన్న గుర్తులు ఎదురెదురుగా కలవాలి.

పాన్ విప్పినప్పుడే లోపల బ్యాలెన్స్ గేర్లు ఉన్నాయేమో చూడండి. అదురు తగ్గించడానికి కె241, కె301లలో కొన్నింటికి కంపెనీయే పెట్టింది. వాటి సూది బేరింగులు అరిగి గేరు విరిగితే బ్లాకే పోతుంది. తీసేయడం మేలు. అదురు కాస్త పెరుగుతుంది, కానీ ఇంజను మిగులుతుంది.

స్పార్కు దగ్గర పాత బుల్లెట్ మోటార్‌సైకిల్ పాయింట్లు సర్దినవాళ్లకి కొత్తేం లేదు. బ్లాకు పక్కన చిన్న మూత కింద పాయింట్లు, లోపల కామ్ నుంచి వచ్చే చిన్న కడ్డీ వాటిని తెరుస్తుంది. పూర్తిగా తెరుచుకున్నప్పుడు గ్యాపు 20 థౌ. అది అంచనా మాత్రమే, అసలు సెట్టింగు టైమింగ్ గుర్తుతో. ఫ్లైవీలు మీద ఎస్ గుర్తు చూపు రంధ్రం మధ్యకి వచ్చేసరికి పాయింట్లు అప్పుడే విడిపోవాలి. మల్టీమీటరు పెట్టి, కీచుమనే శబ్దం ఆగేచోట ఆపితే సరిగ్గా కుదురుతుంది. ప్లగ్గు గ్యాపు 35 థౌ. పాయింట్లు తరచూ జిడ్డుపడుతుంటే ఆ కడ్డీ వెంట నూనె కారుతోందని లెక్క. కాయిల్ మామూలు 12 వోల్టుల ఆటో కాయిలే, కానీ ప్రైమరీ 3 నుంచి 4 ఓములు ఉండాలి. "బయటి రెసిస్టర్‌తో వాడాలి" అని రాసున్నది పెడితే పాయింట్లు కాలిపోతాయి.

కార్బురేటర్ మార్చేయాలన్న తొందర వద్దు. సగం ధరకి వచ్చే నకళ్లలో సర్దే స్క్రూలు సరిగా నిలవవు. పాత కార్టర్ కార్బురేటర్ విప్పి, ఉడకబెట్టి కాదు, క్లీనర్‌లో నానబెట్టి, జెట్ల రంధ్రాలు సన్నటి రాగి తీగతో తీసి, గ్యాస్కెట్ కిట్ వేయండి. మెయిన్ స్క్రూ మెత్తగా మూసి రెండు చుట్లు వెనక్కి తిప్పితే ఇంజను అందుకుంటుంది. ఆ తర్వాత లోడు మీద వినికిడిని బట్టి. ఎంత తిప్పినా ఐడిల్ నిలవకపోతే త్రాటిల్ షాఫ్టు వదులై గాలి పీలుస్తోంది. అక్కడ చిన్న ఇత్తడి బుష్ వేయించాలి.

స్టార్టరూ జెనరేటరూ ఒకటే డబ్బా. బ్రష్షులు, బేరింగులు దొరుకుతాయి. విప్పి తిరిగి పెట్టాక ఇంజను తిప్పే ముందు పోలరైజ్ చేయాలి. రెగ్యులేటర్ మీది బ్యాటరీ, జెనరేటర్ టెర్మినళ్లని ఒక తీగతో ఒక్క క్షణం తాకించి తీసేయడమే. ఈ చిన్న పని మరిచిపోయి కొత్త రెగ్యులేటర్లు కొంటుంటారు.

ఇక వెనక భాగం. గేరుబాక్సు నూనె మజ్జిగలా తెల్లగా ఉంటే కంగారు పడొద్దు, గేరు లివర్ రబ్బరు చిరిగి వాన నీళ్లు దిగాయి. వెనక మూత విప్పి, అడుగున పేరుకున్న మడ్డి అంతా ఎత్తి, కొత్త గ్యాస్కెట్‌తో 7 క్వార్టులు, అంటే దాదాపు ఆరున్నర లీటర్లు, హై-ట్రాన్ అనే ట్రాన్స్‌మిషన్ నూనె పోయండి. రబ్బరు బూటు ముందు మార్చండి, లేకపోతే వచ్చే వానకి మళ్లీ అదే పని.

క్లచ్చు దగ్గర గలగల శబ్దం వస్తే అపరాధి ఫ్లైవీలుకి బిగించిన మూడు పిన్నుల డ్రైవర్. పిన్నులకి గాడిపడి, ప్రెషర్ ప్లేట్ల రంధ్రాలు సాగిపోయి ఉంటాయి. డ్రైవర్, ప్లేట్లు, డిస్కు, రిలీజ్ బేరింగు కలిపి కొత్త సెట్టుగా వేయండి. ఒక్క డిస్కు మార్చి మూసేస్తే నెలలో మళ్లీ విప్పుతారు. షాఫ్టుని వెనక కప్లింగ్‌తో కలిపే పిన్ను కూడా చూడండి. దాని రంధ్రం కోలగా అయిపోతే మామూలు బోల్టు దూర్చొద్దు, ఆ బోల్టు షాఫ్టుని ఇంకా తినేస్తుంది. రంధ్రాన్ని ఒక సైజు పెంచి, గుండ్రంగా రీమ్ చేయించి, దానికి సరిపోయే స్పైరల్ పిన్ను కొట్టాలి.

నిజంగా కష్టమైనవి రేకులు: హుడ్డు, గ్రిల్లు, ఫెండర్లు. అందుకే పార్టుల కోసం రెండో బండి కొనేటప్పుడు ఇంజను బాగుందా అని కాదు, రేకులు తిన్నగా ఉన్నాయా అని చూడండి. ఇండియానాలోని పోర్ట్‌లాండ్‌లో ఏటా ఆగస్టు చివర్లో జరిగే ట్రై-స్టేట్ గ్యాస్ ఇంజన్ అండ్ ట్రాక్టర్ షోలో పాత పార్టుల సంత ఉంటుంది. ఫోటోల్లో కనిపించని పగుళ్లు అక్కడ చేత్తో తడిమి చూడొచ్చు. వెళ్తే పాత పార్టునే సంచిలో వేసుకుని వెళ్లండి. వెర్నియర్, చిన్న టార్చి, బండి మీది నంబర్లన్నీ రాసిన కాగితం ఉండాలి. కోలర్ బ్లాకు కనిపిస్తే ముందు తిప్పి చూడాల్సింది రాడ్ వైపు గోడ. అక్కడ వెల్డింగు అతుకు ఉంటే పక్క బల్ల దగ్గరికి నడవండి.